పసుపు గుడ్డ కట్టిన పడవ

విజయరాణి ఇస్త్రీపెట్టె ప్లగ్గు పీకి నేలమీద పడేసింది.

"ఇస్త్రీ సేసింది సాల్లే. రేపు నువ్వు కోర్టు మెట్టెక్కినావంటే ఈ ఇంట్లో నువ్వైనా ఉండాల, నేనైనా ఉండాల."

లియెన్ ఇస్త్రీపెట్టెను నిలబెట్టింది. సగం ముడతలు పోయిన తెల్ల చొక్కా మీద చెయ్యి ఆనించింది. ఎదుటివాళ్ళు గొంతు పెంచేకొద్దీ తన గొంతు తగ్గించడం ఆమెకు అలవాటు. వియత్నాం దౌత్యవేత్తగా దేశదేశాలు తిరిగి నేర్చుకున్న విద్య అది. ఆ విద్య చూస్తేనే విజయరాణికి అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

"ఎల్లాల రాణీ," అంది. "నాను ఎల్లకపోతే బాగోదు."

"బాగోదంట. నా మొగుడికి సంకెళ్ళేసి జెట్టీ పొడుగునా నడిపించుకుపోతే బాగుందేటి?"

అది నిన్నటి మాట. చేపల బుట్టలు దించుతున్న కన్నబాబును పోలీసులు ఉన్నపళంగా పట్టుకుపోయారు. హుటాన్ మెలింటాంగ్ ఎంత ఊరని? పడవల యజమానులైన చీనా తౌకేలు చేతిలో పని ఆపి మరీ చూశారు. చేపలు కొనడానికొచ్చిన ఆడవాళ్ళు మోటారుసైకిళ్ళు ఆపి మరీ చూశారు. విజయరాణి పరుగున వెళ్ళేసరికి తడి చెక్కల మీద మొగుడి చెప్పులు మాత్రం మిగిలాయి. వాటిని చేత్తో పట్టుకుని, బజారు మధ్యనుంచి తలెత్తకుండా నడిచి ఇంటికొచ్చింది. ఆ చెప్పులు ఇప్పటికీ గుమ్మం దగ్గరే ఉన్నాయి. ఎవరినీ ముట్టుకోనివ్వదు.

పట్టించినది పరాయివాళ్ళయితే నాలుగు తిట్టి ఊరుకునేది. పట్టించినది సొంత తోడికోడలు. అదీ చాటుగా కాదు, నిండు కోర్టులో దుబాసీగా నిలబడి. రేపు విచారణకు మళ్ళీ వెళ్తానంటోంది.

నది సముద్రంలో కలిసే చోట ఒక వియత్నాం చేపల పడవ పట్టుబడింది. మొన్న దాని కెప్టెన్‌ను తెలుక్ ఇంతాన్ కోర్టులో నిలబెట్టారు. అతనికి మలయ్ ముక్క రాదు. ఇపోహ్ నుంచి రావలసిన దుబాసీకి జ్వరం. మేడమ్ లియెన్ ఉంది కదా అని ఎవరో అన్నారు, కారు పంపించారు, ఆవిడ వెళ్ళింది. ఇక్కడి పడవ ఒకటి సముద్రం మీద తమకు డీజిల్ అమ్మిందని కెప్టెన్ చెప్పాడు. పేరు తెలీదు, నంబరు చూడలేదు, పడవ ముక్కుకి పసుపు గుడ్డ, ఆకుల మండలు కట్టి ఉన్నాయి అన్నాడు. లియెన్ ఆ మాటను ఉన్నదున్నట్టు మలయ్‌లో చెప్పింది. వెనక బెంచీ మీద కునికిపాట్లు పడుతున్న మెరైన్ పోలీసు చటుక్కున తలెత్తాడు.

ఊళ్ళో చీనావాళ్ళ పడవలన్నిటికీ ఎర్రగుడ్డలే. అమ్మోరి పండగ చేసి పసుపు గుడ్డా వేపమండలూ కట్టే పడవ ఒక్కటే ఉంది, కన్నబాబుది.

"ఆ గుడ్డ కట్టినది నానే," అంది అత్తగారు కూర్మమ్మ.

ముసలావిడ వెనక గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుని, వాచిన పాదాలు ఉప్పునీళ్ళ బేసినులో పెట్టుకుని ఉంది. పొద్దుటినుంచి ఆవిడ నోట వచ్చిన మొదటి మాట అది. బాగన్ దాతుక్ కొబ్బరితోటల్లో పుట్టి పెరిగిన మనిషి. ఆవిడ కోపం నెమ్మదిగా రాజుకుంటుంది, రాజుకుందంటే మరి ఆరదు.

"ఏటే లీనమ్మా." లియెన్ అనే పేరు ఆవిడ నోట ఏనాడూ తిరగలేదు. "గుడ్డ అని ఊరుకుంటే పోయేది గాదా. పసుపు అని సెప్పకపోతే నీ సొమ్మేటైనా పోయేదా?"

"ఆయన పసుపు అన్నాడత్తా."

"ఆడు నూరంటాడు. ఆ గుడ్డ ఎవరిదో నీకు తెల్దా? నువ్వే గదా నా పక్కన కూకోని పసుపునీళ్ళలో ముంచినావు. పిండి నా సేతికిచ్చినావు."

"తెలుసత్తా. ఆ మాట ఆయన నోట ఇన్నప్పుడే తెలిసిపోయినాది."

"తెలిసీ సెప్పినావా?"

"తెలిసీ సెప్పినాను."

కూర్మమ్మ మొహం తిప్పేసుకుంది. మరి ఆ కోడలి వైపు చూడలేదు.

విజయరాణి తోడికోడలి మొహంలోకే చూసింది. అబద్ధమైనా చెప్పొచ్చు కదా ఈ మనిషి. తెలియలేదు, తొందరలో అనేశాను అంటే, ఏడ్చి, తిట్టి, ఎక్కడో ఒకచోట ఆగొచ్చు. ఇలా ఎదురుగా నిలబడి అవును, తెలిసే చెప్పానంటే ఆ కోపాన్ని ఎక్కడ దించుకోవాలి?

కిటికీ దగ్గర గోవిందన్ పేపరు పట్టుకుని కూర్చున్నాడు. అతను లియెన్ భర్త, కన్నబాబుకి అన్న. పేజీ తిప్పి గంట అయింది. విజయరాణి కోపం అటు మళ్ళింది.

"బావగారూ, మీరేటి మాట్లాడరేటి? తమ్ముడు లాకప్పులో సాప మీద పడున్నాడు. మీరిక్కడ ఆటల పేజీ సదువుతున్నారు."

"నన్నేటి సెయ్యమంటావమ్మా."

"మీ పెళ్ళాన్ని ఆపండి లా. పోర్ట్ క్లాంగ్ కథ మాకు ఎన్నిసార్లు సెప్పినారు, ఇప్పుడు నోరు రాదేటి?"

పోర్ట్ క్లాంగ్ కథ ఆ ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. అప్పట్లో గోవిందన్ అక్కడ షిప్పింగ్ కంపెనీలో గుమస్తా. యజమాని గాలికొదిలేసిన ఓడలో వియత్నాం నావికులు తిండి లేక పడున్నారు. ఎంబసీ నుంచి బక్కపల్చటి ఆఫీసరమ్మ వచ్చింది. ఓడ ఏజెంటు నావికులను అమ్మనా బూతులు తిట్టాడు. ఆఫీసరమ్మ ఆ బూతులన్నీ వాళ్ళ భాషలో వాళ్ళకు వినిపించింది. వాళ్ళు తిరిగి తిట్టినవి ఏజెంటుకు మలయ్‌లో అప్పజెప్పింది. మొహంలో ఒక్క గీత కదల్లేదు. చివరికి ఏజెంటే సిగ్గుపడి బియ్యం తెప్పించాడు. ఆ రోజే పడిపోయానని గోవిందన్ చెప్పుకుంటాడు. పెళ్ళి కోసం ఆవిడ ఉద్యోగం వదులుకుంది. హనోయిలో కుర్ర ఆఫీసర్లకు దుబాసీ పని నేర్పే పాఠశాల వదులుకుంది. ఈ చేపల ఊరికి వచ్చి, ఐసు కొట్టు మీది గదిలో పిల్లలకు చదువు చెప్పుకుంటోంది.

పండగలకు ఆ కథ విని విజయరాణి కూడా కడుపుబ్బ నవ్వేది. ఇప్పుడు అదే కథ తలుచుకుంటే కడుపు రగిలిపోతోంది.

"ఒక్క మాట వదల్దు అని మురిసిపోయినారు గదా బావగారూ. వదల్నేదు. మీ తమ్ముణ్ణి కూడా వదల్నేదు."

గోవిందన్ పేపరు మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు.

నిజం చెప్పాలంటే విజయరాణికి డీజిల్ సంగతి బొత్తిగా తెలియకపోలేదు. మత్స్యకారులకు సర్కారు చవగ్గా ఇచ్చే నూనెను పరాయి పడవకు అమ్మితే జైలని పసిపిల్లకైనా తెలుసు. మొగుడు చేపలు లేకుండా తిరిగొచ్చి కూడా ఈల వేసుకుంటూ స్నానం చేసిన రోజులున్నాయి. కొత్త వాషింగ్ మెషీను వచ్చినప్పుడు ఇదెక్కడిదని ఆమె అడగలేదు. అడక్కపోవడమే మంచిదనుకుంది. ఆ సంగతి ఇప్పుడు గుర్తుకొస్తే మరింత మండుతోంది, ఆ మంట కూడా తీసుకెళ్ళి తోడికోడలి మీదే పోసింది.

"మేడమ్ గారూ," అంది. పెళ్ళయి వచ్చిన నాటినుంచి నోరారా అక్కా అని పిలిచిన మనిషిని ఊళ్ళోవాళ్ళలా మేడమ్ అనేసరికి లియెన్ కళ్ళు ఒక్కసారి రెపరెపలాడాయి. "మీకేటి పోయింది? మీకు కోర్టులో కుర్చీ ఏస్తారు. టీ ఇస్తారు. నా గుంట నిషా సంగతి ఆలోచించినారా? వచ్చే నెల పుత్రజయలో ఇంటర్వ్యూ. అయ్య జైల్లో ఉన్న పిల్లకి విదేశాంగ శాఖలో ఉద్యోగం ఇస్తారేటి?"

"ఆలోచించినాను. నిషా గురించే ఆలోచించినాను."

"దాని పేరు నీ నోట రానీకు."

వెనక గది తలుపు తెరుచుకుంది. నిషా గుమ్మంలో నిలబడింది. నిన్నటినుంచి ఆ పిల్ల గదిలోంచి బయటికి రాలేదు, తిండి తినలేదు. కళ్ళు ఎర్రగా వాచి ఉన్నాయి. తండ్రి కోసం ఏడుస్తోందనుకున్నారందరూ.

"అమ్మా, పోదుం మా, చాలు. పెద్దమ్మని తిట్టొద్దు," అంది సగం అరవంలో, సగం తెలుగులో. "పెద్దమ్మ తప్పు కాదు. నేను..."

లియెన్ వియత్నాం భాషలో రెండు ముక్కలు అంది. గట్టిగా కూడా అనలేదు. నిషా నోరు మూసుకుంది. తల్లి వైపు చూసి, పెద్దమ్మ వైపు చూసి, మళ్ళీ తలుపేసుకుంది.

ఇక విజయరాణిని పట్టడం ఎవరి తరమూ కాలేదు.

"ఏటన్నావు దానితో? నా ఇంట్లో, నా ముందు, నాకు తెలీని బాషలో నా కూతురితో గుసగుసలేటి? ఏడేళ్ళప్పుడు ఇంగ్లీషు నేర్పుతానని తీసుకెళ్ళినావు. ఆ బాషా ఈ బాషా నేర్పి దాన్ని నీ కూతుర్ని సేసుకున్నావు. నాతో తెలుగులో మాట్లాడమంటే దానికి మాట రాదు. నీతో గంటలు గంటలు వాగుద్ది. నా పిల్లని తీసుకున్నావు, నా మొగుణ్ణి పట్టించినావు, ఇంకేటి కావాల నీకు ఈ ఇంట్లో?"

ఆ చివరి మాట అన్నాక తనకే భయం వేసింది. లియెన్‌కు పిల్లల్లేరు. ఆ ఇంట్లో ఎంత పెద్ద తగువులోనూ ఎవరూ ఆ గడప దాటలేదు. గోవిందన్ లేచి నిలబడ్డాడు. కూర్మమ్మ బేసినులో నీళ్ళు కదల్లేదు.

లియెన్ మాత్రం తెల్ల చొక్కా దులిపి, కాలరు సరిచేసి, మళ్ళీ బల్లమీద పరిచింది.

"రేపు ఎల్లి వచ్చినాక నువ్వు ఎల్లిపొమ్మంటే ఎల్లిపోతాను రాణీ. రేపు ఒక్కరోజు ఒగ్గీ."

సరిగ్గా అప్పుడు విజయరాణి ఫోను మోగింది. ఆమె దానికోసమే ఎదురుచూస్తోంది. మధ్యాహ్నం తమ్ముడు మోహన్‌రాజ్‌కి ఫోన్ చేసిన సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. అతను తెలుక్ ఇంతాన్‌లో లాయరు దగ్గర పని చేస్తాడు.

"అయిపోయినాది అక్కా," అన్నాడు మోహన్‌రాజ్. ఫోను స్పీకరులో ఉంది, అందరికీ వినబడింది. కావాలనే పెట్టింది. "దుబాసీ ముద్దాయికి వదినవుతాదని మా లాయరు కోర్టుకి సెప్పినాడు. ఆవిణ్ణి తీసేసినారు. ఇపోహ్ మనిషికి జ్వరం తగ్గిందంట, రేపు ఆయనే వస్తాడు. కెప్టెన్ సెప్పినదంతా మొదట్నుంచి మళ్ళీ సెప్పిస్తారు. పసుపు లేదు గిసుపు లేదు, అంతా కొత్తగా మొదలు."

విజయరాణి ఫోను పెట్టేసి తోడికోడలి వైపు తిరిగింది. రెండు రోజుల్లో మొదటిసారి ఊపిరి ఆడినట్టయింది.

"ఇన్నావుగా. ఇంక నీ ఇస్త్రీతో పని లేదు."

గెలిచాననుకుంది. ఆ గెలుపు చూసుకోవడానికే లియెన్ మొహంలోకి చూసింది. ఆ మొహంలో రక్తం లేదు.

"ఎవరు సెప్పినారు నిన్ను ఈ పని సెయ్యమని?"

ఆ ఇంటికి కోడలుగా వచ్చాక ఆమె గొంతు అంత పైకి లేవడం ఎవరూ వినలేదు. కూర్మమ్మ బేసినులోంచి కాళ్ళు తీసింది.

"ఎవరు సెప్పాలేటి? నా మొగుడు, నా..."

"కూకో."

పిల్లలకు చెప్పినట్టు చెప్పింది. విజయరాణి కూర్చుంది. కూర్చున్నందుకు తనమీద తనకే ఒళ్ళు మండింది.

"ఒక్క మాట వదల్నేదని తిట్టినావు గదా. ఇను. వదిలినాను." బల్లమీది చొక్కాను లియెన్ పిడికిట్లో నలిపేసింది. అది కోపమని అర్థం కావడానికి విజయరాణికి కొంచెం సేపు పట్టింది. "మేజిస్ట్రేటు అడిగినాడు. నీకు మలయ్ రాదు, ఇంగ్లీషు రాదు, ఆ డీజిల్ పడవతో బేరం ఎలాగ ఆడినావు అని. మంచి ప్రశ్న. ఎవరైనా అడుగుతారు."

"అయితే?"

"కెప్టెను సెప్పినాడు. వైర్‌లెస్‌లో ఒక ఆడపిల్ల మాట్లాడినాదంట. మా బాషలో. తనని 'చూ' అని పిలిచినాదంట. అంటే చిన్నాన్న. బాగా పెంచిన పిల్లలా మాట్లాడినాది అన్నాడు. హైఫాంగ్ యాస, అచ్చం మా ఊరి పిల్లే అనుకున్నాను అని నవ్వినాడు. పాపం, మంచిగానే సెప్పినాడు."

హైఫాంగ్ లియెన్ పుట్టిన ఊరు. ఈ సముద్రపు ఒడ్డున ఆ యాస పలికే గొంతులు రెండే ఉన్నాయి. ఒకటి ఇస్త్రీ బల్ల పక్కన నిలబడి ఉంది.

విజయరాణి వెనక గది తలుపు వైపు చూసింది. అందరూ అటే చూశారు.

"నువ్వేటి సెప్పినావు కోర్టుకి?" అన్నాడు గోవిందన్.

"సైగలతో మాట్లాడుకున్నారని సెప్పినాను. మేజిస్ట్రేటు నమ్మినాడు. నాను సెప్పినాను గాబట్టి నమ్మినాడు. అంతమంది పిల్లలకి నేర్పినాను, ఒక్క మాట వదలకండి, ఒక్క మాట కలపకండి అని. నేర్పిన నోటితోనే వదిలినాను, కలిపినాను కూడా." ఆమె విజయరాణి వైపు ఒక అడుగు వేసింది. "నీ మొగుడి మీద నాకు ఎంత కోపం ఉన్నాదో నీకు తెల్దు. నాను బాష నేర్పినది పిల్ల నలుగురిలో తలెత్తుకుని బతకడానికి. ఆయన దాన్ని నూనె అమ్మడానికి వాడుకున్నాడు. పోలీసులు ఎంత అడిగినా పిల్ల పేరు సెప్పనేదంట. ఆ ఒక్కటీ మంచి పని సేసినాడు. కెప్టెనుకి ఆ బాధ నేదు. అడిగితే సెప్తాడు."

"రేపు..."

"రేపు అదే ప్రశ్న మళ్ళీ అడుగుతారు. నానుంటే ఆ జవాబు నా దగ్గరే ఆగిపోయేది. ఇపోహ్ మనిషికి నిషా ఎవరో తెల్దు. ఉన్నదున్నట్టు సెప్తాడు. అతని తప్పు గాదు, అతని పని అది."

విజయరాణి గబగబా ఫోను తీసింది. మోహన్‌రాజ్ మొదటి రింగుకే ఎత్తాడు, ఇంకా సంతోషంగానే ఉన్నాడు.

"ఆపరా. ఆవిణ్ణే ఉంచమను. నేనే సెప్పినాను, నేనే వద్దంటున్నాను."

"ఏటక్కా నువ్వు. ఆర్డరు కూడా రాసేసినారు. ముద్దాయి వదినని మళ్ళీ ఎలాగ రానిస్తారు? నువ్వే గదా బేగి సెయ్యరా అన్నావు."

ఆమె ఫోను కట్ చేసింది. లేచి గుమ్మం దగ్గరికి వెళ్ళింది. అక్కడున్న మొగుడి చెప్పులు రెండూ తీసి, ఒకదాని తరవాత ఒకటి, వీధి కాలవలోకి విసిరేసింది. నిన్న బజారంతా చేత్తో మోసుకొచ్చిన చెప్పులవి. తిరిగొచ్చేసరికి వెనక గది తలుపు తీసి ఉంది.

నిషా చేతిలో తెల్ల బ్లౌజు ఉంది. పుత్రజయ ఇంటర్వ్యూ కోసం తల్లీ కూతుళ్ళు కలిసి కొన్నది, ఇంకా ధర చీటీ కూడా తియ్యలేదు.

"నాన్న అడిగినాడు మా," అంది. "చేపల సంగతి మాట్లాడమన్నాడు. ఫస్ట్ టైమ్ నాకు తెలీదు లా."

"తరవాత?"

"తరవాత తెలుసు."

విజయరాణి చెయ్యెత్తింది. కొట్టలేదు. చెయ్యి దించడం కూడా మరిచిపోయి అలాగే నిలబడింది. కూర్మమ్మ కొంగు నోట్లో కుక్కుకుని, అమ్మోరి పేరు కూడా తలుచుకోలేక కూర్చుంది.

నిషా వంగి నేలమీద పడున్న ప్లగ్గు తీసి గోడకు పెట్టింది. పెద్దమ్మ చొక్కా పక్కకు జరిపి తన బ్లౌజు బల్లమీద పరిచింది.

"ఎక్కడికే?"

"కోర్టుకి."

"నిన్నెవరు రమ్మన్నారు?"

"ఎవరూ రమ్మన్లేదు. రేపు కెప్టెన్ మాట బయటికొస్తే పెద్దమ్మ అబద్ధం సెప్పినాదని తెలిసిపోద్ది. నాకు ఏమైద్దో తెలీదు. పెద్దమ్మని మాత్రం పట్టుకుంటారు." పిల్ల తలెత్తలేదు. తెలుగు ముక్కలు వెతుక్కుని, కూడబలుక్కుని చెప్పింది. తల్లితో అంత పొడుగు తెలుగు ఎప్పుడూ మాట్లాడలేదు. "వాళ్ళు అడగకముందే నేనే సెప్తాను, తప్పు నాదని, పెద్దమ్మది కాదని."

ఇస్త్రీపెట్టె మీద ఎర్ర దీపం వెలిగింది.

"ప్లగ్గు పీకెయ్ రాణీ," అంది లియెన్. "నా పేరు పోతే పోనీ. పిల్లని ఎల్లనీకు. పీకెయ్."

విజయరాణి వంగి ప్లగ్గు పట్టుకుంది. అటు పక్క తోడికోడలు, ఇటు పక్క కూతురు, ఇద్దరూ ఆమె చేతివైపే చూస్తున్నారు.

ఇందాక అంత తేలిగ్గా పీకి పారేసిన ప్లగ్గు ఇప్పుడు ఆమె చేతికి రాలేదు.

"అక్కా," అంది, "పీకితే నువ్వు జైలుకి పోతావు."